ముప్పయ్యో అంతస్తు

మొంతెవీదెయో. పెన్షన్ల కార్యాలయం. జూలై చలి.
పంపేరో గాలికి కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి.
నూట పన్నెండు కంప్యూటర్లకి
నేనొక్కదాన్నే అడ్మినిస్ట్రేటర్ని.

మాతే నింపిన సొరబుర్ర చేతులు మారేటప్పుడు
ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు:
"నీబియా, నా పాస్‌వర్డ్ నీకు కనబడుతుందా?"

కనబడదు.
విసిరిన పిండిలో గింజ కనబడుతుందా?
మీరు కొట్టిన అక్షరాల్ని యంత్రం తిరగలిలో పోసి
పిండి మాత్రం దాస్తుంది.
రేపు మళ్ళీ గింజలు తెస్తే మళ్ళీ విసురుతుంది,
పిండికి పిండి సరిపోతే తలుపు తీస్తుంది.

ఇది నిజమే.
ఇక్కడితో ఆపేస్తే మాత్రం అబద్ధం.

నాకు మీ తాళంచెవి అక్కర్లేదు,
తాళమే మార్చేయగలను.
అర్ధరాత్రి మీ పేరు తొడుక్కుని
మీ కుర్చీలో కూచోగలను.
మీ బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న బ్యాంకు ఖాతా,
డాక్టరు రాసిన జవాబు,
ఎవరికో రాసి పంపకుండా వదిలేసిన ఉత్తరం...
ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈ ఇంట్లో ఈశ్వరుడు రాసుకునే చిట్టా
చెరపగలిగేదీ నేనే.

అందుకే చెప్తాను,
ఆఫీసు కంప్యూటర్లో ఇంటి గుట్టు దాచకండి అని.
నవ్వుతారు. "నువ్వు మంచిదానివి కదా" అంటారు.
మంచితనం సెట్టింగు కాదు, అంటాను.
మళ్ళీ నవ్వుతారు.

ఆ సోమవారం ఫోన్ మోగింది.
మూడో అంతస్తు, పాత ఫైళ్ళ గది, ఒలాగరాయ్.
వచ్చే మార్చిలో రిటైరు.
"లోపలికి రానివ్వడం లేదమ్మా,
సరిగ్గానే కొడుతున్నా, చూడు..."
వద్దు, చెప్పకండి అనేలోపే
ముక్క ముక్కగా పలికేశాడు:

దురాజ్నో వీధి. పదకొండు వందల నలభై.
ముప్పయ్యో అంతస్తు.

విన్నదాన్ని వెనక్కి తోసే మీట
ఏ కీబోర్డు మీదా లేదు.

ఆ వీధి నాకు తెలుసు.
అక్కడ రెండంతస్తుల ఇల్లొకటి ఉండేది.
నేను బడికి వెళ్ళే దారిలో
పై బాల్కనీలో ఎర్ర దుప్పటి ఆరుతుండేది.
ఇప్పుడక్కడ గంటల లెక్కన కార్లు నిలుపుకుంటారు.

వద్దనుకుంటూనే లెక్క వేశాను.
తొంభై రోజులకోసారి మార్చి తీరాలన్న నియమం నాది,
ఏడేళ్ళ కిందట, సంతకం నాది.
రెండో అంతస్తులో మొదలైనవాడు
నేను తరిమినప్పుడల్లా ఒకటి పైకెక్కాడు,
లిఫ్టు లేని ఇంట్లో,
కట్టని మెట్ల మీద.
కింద ఇల్లు పడిపోయిన సంగతి
అంకెకి ఎవరూ చెప్పలేదు.

కట్టుదిట్టం అనుకున్నాను నేను.
పాతది ఒక్కటి తెలిసిన దొంగకి
కొత్తది చెప్పడానికి వేళ్ళు చాలు.
శుక్రవారమే గడువు తీరింది.
మార్చాడు, మరిచిపోయాడు.
అంటే ముప్పై ఒకటి.
ఆ అంకె నా నాలుక చివర కూచుంది.
కొట్టి చూస్తే తలుపు తెరుచుకునేది.

కొట్టలేదు.
మెట్లెక్కి వెళ్ళి, పాత తాళం తీసేసి,
"కొత్తది పెట్టుకోండి,
అంకెలు పెంచకండి, నాలుగు పొంతన లేని మాటలు చాలు.
ఎవరికీ చెప్పకండి. నాక్కూడా" అన్నాను.
కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

బయట చీకటి పడింది.
అద్దంలో అతని వేళ్ళు కనబడుతున్నాయి.
కళ్ళు మూసుకున్నాను.
చెవులకి రెప్పల్లేవు.
రెండు వేళ్ళతో, నిదానంగా,
ఒక చోట చాలాసేపు ఆగి, మళ్ళీ.
ఇరవై ఆరు దాకా లెక్కపెట్టాయి, సిగ్గులేని చెవులు.

"అయిపోయిందమ్మా" అన్నాడు,
ఇల్లు ఖాళీ చేసినవాడిలా.
కిందికి దిగుతూ ఆ ఇంట్లో ఎవరుండేవారని
అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

రాత్రి తొంభై రోజుల నియమం తీసేశాను.
కారణం రాయమని గడి ఒకటి తెరుచుకుంది.
"మెట్లు" అని రాశాను.
చెరిపి, "భద్రత" అని రాశాను.